తల్లి పేరు ముందు

కాగితం నా ముందు పెట్టి, పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు ఇన్‌స్పెక్టర్.

"చదివి సంతకం పెట్టండి గురువుగారూ. మీరు చెప్పిందే రాశాను. అక్షరం అటూ ఇటూ పోలేదు."

అతని రాతలో అక్షరం అటూ ఇటూ పోదని నాకు తెలుసు. తొమ్మిదేళ్ల కిందట నా మీద రాసిన రిపోర్టులోనూ పోలేదు. లాకప్పులో నేనొక అమాయకుణ్ణి కొట్టానని రాశాడు. కొట్టాను. ఉద్యోగం పోయింది. అతనికి పని నేర్పింది నేను, రాత నేర్పింది నేను. అబద్ధం రాసి ఉంటే ఈపాటికి క్షమించేవాణ్ణి.

కాగితంలో ఉన్నది ఇంతే. మొన్న సాయంత్రం అయిదూ యాభైకి నా స్నేహితుడు మా ఇంటికి వచ్చాడు. ఎనిమిదింటి దాకా నా ఎదురుగానే కూర్చున్నాడు. ఆ రోజుకు నా భార్య పోయి మూడేళ్లు. గుర్తుపెట్టుకొని వచ్చినవాడు అతనొక్కడే. అదే సాయంత్రం అతని ఇంట్లో అతని భార్యకు విషం ఎక్కింది. నిన్న తెల్లవారేసరికి ఆసుపత్రిలో పోయింది.

విషం వాళ్ల పెరటిదే. బ్రుగ్మాన్సియా. ఉమ్మెత్తకు అక్క వరస. ఉమ్మెత్త పువ్వు పైకి చూస్తుంది, ఇది తల వంచుకొని కిందికి వేలాడుతుంది, జానెడు పొడుగు బూరలాగా. ఆకు, పువ్వు, గింజ, వేరు, అన్నీ విషమే. ఆవిడ ఆ చెట్లను పదకొండేళ్లు పెంచింది. ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అద్ది కొత్త రంగులు పుట్టించేది. వీధంతా ఆవిడను బూరలక్క అనేవాళ్లు.

"సంతకం పెడితే ఏమవుతుంది?"

"మీ స్నేహితుడు బయటపడతాడు. ఆవిడ దగ్గర పని నేర్చుకునే ఆ కళ్లద్దాల దుకాణం అమ్మాయి లోపలికి పోతుంది. అయిదింటికి మెజిస్ట్రేటు ముందు నిలబెడతాను."

గోడ గడియారంలో రెండూ పదిహేను.

"పెట్టకపోతే?"

"పెట్టకపోవడానికి మీకేం కారణం? ప్రాణస్నేహితుడు." నవ్వాడు. "నాకైతే ఆయన మీదే అనుమానం. మొగుడు కాబట్టి. కానీ రెండు అడ్డొస్తున్నాయి. ఒకటి మీరు. రెండోది ఇది."

ఒక ఫోటో నా ముందుకు తోశాడు. మొగ్గ కాడకు కట్టిన చీటీ. పువ్వుకు పుప్పొడి అద్దగానే బూరలక్క దానికొక చీటీ కట్టేది. ఏ చెట్టుకు ఏ చెట్టు, ఏ తేదీ, ఏ గంట. ఈ చీటీలో మొన్నటి తేదీ ఉంది. సాయంత్రం 6-40 అని ఉంది. అక్షరాలు పేర్చినట్టున్నాయి.

"ఈ విషం ఎక్కినవాళ్లకు చెయ్యి నిలవదన్నాడు డాక్టరు. అంటే ఆరూ నలభైకి ఆవిడ నిక్షేపంగా ఉంది. మొగుడు మీ ఇంట్లో ఉన్నాడు. ఆరున్నరకు ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చింది ఆ అమ్మాయి. ఏడూ పదికి డాక్టరు వచ్చేసరికి మనిషికి స్పృహ లేదు. ఫ్లాస్కు కడిగేసి ఉంది. ఇంకేం కావాలి?"

"ఆ అమ్మాయితో మాట్లాడాలి."

"మీరిప్పుడు పోలీసు కాదు గురువుగారూ."

"సాక్షిని. ముందు మాట్లాడతాను, తర్వాత సంతకం సంగతి. కాదంటే నీ పెన్ను నువ్వే పెట్టుకో."

పెన్నుకు మూత పెట్టాడు. "పావుగంట."

ఆ అమ్మాయి కళ్లద్దాల దుకాణంలో అద్దాలు బిగిస్తుంది. ముప్ఫై దాటలేదు. రెండేళ్లుగా రోజూ సాయంత్రం బూరలక్క దగ్గర పని నేర్చుకుంటోంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది. నాకు జాలి కలగలేదు. ఏడుపు సాక్ష్యం కాదు.

"ఎన్నింటికి వెళ్లావు?"

"ఆరున్నరకండీ. దుకాణం ఆరింటికి కట్టేస్తాం."

"అప్పుడు మీ అక్క ఏం చేస్తోంది?"

"గోడకు మొక్కలు నాటుతోందండీ. మొక్కా లేదు, మట్టీ లేదు, ఉత్త చేతులతో. గుంట తీస్తున్నట్టు, మట్టి సర్దుతున్నట్టు. నన్ను చూసి 'అమ్మా, వచ్చావా' అంది. వాళ్లమ్మ పోయి ఇరవయ్యేళ్లండీ. నోరు పిడచకట్టుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. కాస్త టీ పడదామని నోటి దగ్గర పెడితే చేత్తో కొట్టేసింది. అంతా ఒలికిపోయింది. డాక్టరుకు ఫోన్ చేశాను. బావగారికి చేస్తే ఆయన ఫోన్ ఇంట్లోనే మోగింది, మర్చిపోయి వెళ్లారు. నేలంతా తుడిచి ఫ్లాస్కు కడిగాను."

"మనిషి పోతుంటే ఫ్లాస్కు కడిగావా?"

"డాక్టరు వచ్చేదాకా చెయ్యడానికి ఏమీ లేదండీ. చేతులు ఊరుకోవు కదా."

ఆ జవాబు నాకు నచ్చలేదు. నిజంలా ఉంది కాబట్టి. నా భార్య పోయిన రోజు ఆసుపత్రి నుంచి వచ్చి నేను ఇల్లంతా కడిగాను.

"ఆరూ నలభైకి మీ అక్క చీటీ రాసింది. అక్షరం చెదరలేదు."

"గోడకు మొక్కలు నాటే మనిషి చీటీ ఎలా రాస్తుందండీ?"

"అదే అడుగుతున్నాను. నువ్వైనా అబద్ధమాడుతూ ఉండాలి, చీటీ అయినా ఆడుతూ ఉండాలి."

"నేను కళ్లు చూశానండీ. మా పనే కళ్లతో. రెండు కనుపాపలూ ఇంతింతయ్యాయి. టార్చి వేసినా చిన్నవి కాలేదు. మింగితే రెండూ అలా అయిపోతాయి."

"మింగకపోతే?"

"చెట్టు విరిచిన చేత్తో నలుపుకుంటే ఆ కన్ను ఒక్కటే. మొదట్లో నాకూ అయింది. మసక, మంట, నీళ్లు కారడం, వెలుతురు చూడలేకపోవడం. నాలుగు రోజులుంది. 'పసరు కన్ను అంటారే దీన్ని. ప్రతి తోటమాలికీ ఒకసారి తప్పదు. రెండోసారి వచ్చిందంటే నా తోటలో అడుగు పెట్టకు' అంది అక్క."

"ఆ రోజు ఇంకేం తాగింది?"

"నాలుగున్నరకు బావగారు నిమ్మరసం ఇస్తారు. రోజూ. గ్లాసు కూడా ఆయనే కడుగుతారు. 'పెళ్లానికి గ్లాసందించే మొగుడు వీధికొక్కడు. వాడూ నాకే దొరికాడు, మీ ఖర్మ' అనేది అక్క."

"గొడవలేమీ లేవా?"

తటపటాయించింది. "మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చేసిందండీ. పోస్టులో పూల పత్రిక వచ్చిందట. 'నా పదకొండుకు ఎవరో పేరు పెట్టేశారే. సాయంత్రం రా, చూపిస్తా' అంది. గొంతు అదోలా ఉంది."

పదకొండు అంటే నంబరు వేసి ఊరుకున్న చెట్టు. నాలుగు తరాలు కలుపుతూ వస్తే తేలింది. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి రాగిరంగు తిరుగుతుంది. మూడుసార్లు పూసేదాకా పేరు పెట్టనని బూరలక్క పట్టు. రెండుసార్లే పూసింది.

"ఆ పత్రిక ఏది?"

"అక్కది కనబడలేదండీ. నాకూ వస్తుంది, దుకాణం చిరునామాకు. ఇంకా కవరు విప్పలేదు. నా సొరుగులో ఉంటుంది."

ఇన్‌స్పెక్టర్ తలుపు పక్కన నిలబడి అంతా వింటున్నాడు. ఆ అలవాటు నేర్పిందీ నేనే. ఒక కానిస్టేబుల్‌ను దుకాణానికి పంపాడు. అమ్మాయిని మాతో పాటు జీపు ఎక్కించమన్నాను. ఎక్కించాడు.

మూడూ పదికి గేటు తీశాం. నా స్నేహితుడు అరుగు మీద నల్లద్దాలు పెట్టుకొని కూర్చున్నాడు.

మేమిద్దరం ఒకే ఊరి బడిలో ఒకే బల్ల మీద చదివాం. చేతిలో ఎప్పుడూ స్కేలుండేది కాబట్టి వాడు స్కేలు. పంతులు వీపు పగలగొట్టినా చెప్పననుకున్నది చెప్పను కాబట్టి నేను మొండి. పెద్దయ్యాక వాడు ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం చేశాడు. ఎవరి అక్షరమైనా అచ్చు దించుతాడు. బడికి ఇచ్చే కాగితాల మీద మా నాన్న సంతకం వాడే పెట్టేవాడు.

"వచ్చావా మొండీ." నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఈయన నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నాడురా. నువ్వైనా చెప్పు."

"చెప్పాను. రాసుకున్నాడు."

"నువ్వు లేకపోతే నా గతేమిటిరా!"

"కళ్లకేమైంది?"

"కలక. మొన్నటి నుంచీ ఏడుపే కదా."

"ఈ చెట్లు గానీ ముట్టుకున్నావా?"

"పదకొండేళ్లలో ఒక్క ఆకు ముట్టుకుంటే ఒట్టు. ఆవిడ ముట్టనిస్తేగా! నాది నిమ్మరసం డిపార్ట్‌మెంటు. ఆ గుమ్మమే నాకు హద్దు."

నేను నవ్వాను. నలభై ఏళ్ల అలవాటు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు.

పెరడు చిన్నది. పద్నాలుగు చెట్లు, అన్నీ పెద్ద కుండీల్లో. నిటారుగా నడిస్తే పువ్వులు నెత్తికి తగులుతాయి. ప్రతి కుండీకీ ఒక పలక, పలక మీద చెట్టు పేరు. గోడవారన బల్ల మీద ట్వీజర్లు, కుంచె, కత్తెర, కాగితం సంచులు, దారపుండ, చీటీల కట్ట, చేతితొడుగులు, సబ్బు. ప్రతిదీ దాని చోటులో ఉంది.

"పని చేసి చూపించు," అన్నాను అమ్మాయితో. "మీ అక్క ఎలా చేస్తుందో అలాగే."

తొడుగులు వేసుకొని ఒక మొగ్గను పట్టుకుంది. పని చేతికి రాగానే గొంతు నిలబడింది.

"విచ్చుకోకముందే పట్టుకోవాలండీ. పక్కన ఇలా నిలువుగా కొయ్యాలి. లోపల పుప్పొడి కాడలు అయిదుంటాయి, అయిదూ తీసెయ్యాలి. తన పుప్పొడి తనకే అంటకుండా. తర్వాత తండ్రి చెట్టు పుప్పొడి తెచ్చి ఈ నడిమి కాడ కొసకు అద్దాలి. సంచి తొడగాలి. చీటీ కట్టాలి. చీటీలో తల్లి పేరు ముందు, తర్వాత గుణకారం గుర్తు, తర్వాత తండ్రి పేరు."

"తల్లి ఎవరు?"

"కాయ మోసే చెట్టండీ. చీటీ ఏ చెట్టుకు వేలాడితే అదే."

"తిరగేసి రాస్తే?"

"చేతి మీద ఒక్కటి పడేది. 'మోసేది ఎవరే? మోసేవాళ్ల పేరు ముందుండాలి' అనేది అక్క."

చెట్టు చెట్టుకూ వెళ్లి చీటీలు చదివాను. ముప్ఫై ఏడున్నాయి. ముప్ఫై ఆరింటిలో మొదటి పేరు, కుండీ పలక మీది పేరు ఒకటే. ముప్ఫై ఏడోది ఇన్‌స్పెక్టర్ ఫోటో తీసిన చీటీ. అది వెన్న అనే చెట్టుకు వేలాడుతోంది. చీటీలో ఉన్నది: నిమ్మ × వెన్న. సా. 6-40.

మోసేది వెన్న. ముందున్న పేరు నిమ్మ, అదీ ఇంకో కుండీలోని బూర చెట్టే.

చీటీ కట్టిన మొగ్గ ఈ రెండు రోజుల్లో విచ్చి పువ్వయింది. దాన్ని తిప్పబోయాను.

"తొడుగులండీ!" అని అరిచింది అమ్మాయి.

తొడుక్కొని తిప్పాను. కోత లేదు. సంచి లేదు. లోపల అయిదు కాడలూ నిండా పుప్పొడితో ఉన్నాయి. అంటించిన కవరు విప్పకుండా ఉత్తరం చదివేశానని రాసినట్టుంది ఆ చీటీ. ముడి పక్కనే ఒక ఆకు తొడిమ దగ్గర విరిగి ఎండిపోయింది. బూరలక్క ఆకు తియ్యాలంటే కత్తెర పెట్టేది. ఈ ఆకును తొందరలో ఉన్న కొత్త చెయ్యి అడ్డం తోసి విరిచింది.

చెయ్యి పని అయ్యాక మనిషి ముఖం తుడుచుకుంటాడు.

మొన్న సాయంత్రం అయిదూ యాభైకి వాడు నా ఇంట్లో, నా భార్య ఫోటో కింద కూర్చున్నాడు. "ఈ రోజు ఆమెను తలుచుకుంటే ఏడుపు ఆగడం లేదురా" అన్నాడు. నా తువ్వాలు ఇచ్చాను. ఆ రోజు పొద్దుటి నుంచీ మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. ఆమె కోసం ఏడ్చే మనిషి నేను కాక ఇంకొకడున్నాడని ధైర్యం కలిగింది. అన్నం పెట్టాను.

ఇన్‌స్పెక్టర్ పక్కకు వచ్చాడు. "ఏం దొరికింది గురువుగారూ?"

"ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చావు?"

"నాలుగు."

"నాలుగుసార్లూ చీటీ చదివావు. చెట్టు చదవలేదు. ఇదా నేను నేర్పింది?"

"మీరు నేర్పింది మనిషిని కొట్టి చదవడం. మిగతాది నేనే నేర్చుకున్నాను. అయినా మీరు మాత్రం ఏం చదివారు? మొన్న రెండు గంటలు మీ ఎదురుగా కూర్చున్నాడు."

అరుగు దగ్గరికి నడిచాను.

"స్కేలూ, అద్దాలు తియ్యి."

"ఎందుకురా?"

"తియ్యి."

"వెలుతురు పడటం లేదురా."

"తెలుసు. అందుకే."

వాడు కదల్లేదు. నేనే తీశాను. అమ్మాయి ఒక అడుగు ముందుకు వేసి చూసింది, దుకాణంలో చూసే చూపే. కుడి కనుపాప ఎండకు ఆవగింజంత అయింది. ఎడమది చొక్కా గుండీలా ఉంది. ఎండ నేరుగా పడుతున్నా ముడుచుకోలేదు.

"పసరు కన్ను," అంది అమ్మాయి. "బావగారూ... మీరా!"

"ఒక్క ఆకు ముట్టుకోలేదన్నావు," అన్నాను. "నాలుగున్నరకు నిమ్మరసం. ఆవిడకు మాట తడబడ్డాక చీటీ. అయిదూ యాభైకి నా ఇల్లు. ఫోన్ మర్చిపోయి రావడంతో సహా. ఆరూ నలభై అని రాయడానికి ఆరూ నలభై దాకా ఆగక్కర్లేదు. కానీ పదకొండేళ్లు ఆవిడ పక్కన బతికావు, ఒక్క చీటీ కూడా సరిగ్గా చదవలేదు నువ్వు."

వాడు ఇన్‌స్పెక్టర్ వైపు చూడలేదు. నన్నే చూశాడు.

"సంతకం పెట్టేశావు కదరా మొండీ?"

"లేదు."

"పెడతావనుకున్నాను." గొంతులో కోపం లేదు. లెక్క తప్పినవాడి విసుగుంది. "ఈయన తవ్వుతాడని తెలుసు. నువ్వు మాత్రం నా దగ్గర తవ్వవనుకున్నాను."

గేటు చప్పుడైంది. దుకాణానికి వెళ్లిన కానిస్టేబుల్ పత్రిక తెచ్చాడు. ఇన్‌స్పెక్టర్ కవరు చించి పుటలు తిప్పాడు. ఒకచోట ఆగాడు. చదివాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి నా ముఖం చూడకుండా నాకు కాగితం అందించాడు.

పదకొండో నంబరు చెట్టు, నిండా పూలతో. పక్కన నల్లద్దాలు లేని నా స్నేహితుడు, నవ్వుతూ. కింద రెండు వాక్యాలు. ఈ రకాన్ని తన పెరట్లో పుట్టించినది ఈయనే. దీనికి ఈయన పెట్టిన పేరు పిచ్చుక.

నా భార్యను నేను అలా పిలిచేవాణ్ణి. గింజలేరినట్టు తినేది కాబట్టి. ఇంట్లో, తలుపు వేసి ఉన్నప్పుడు మాత్రమే. నలుగురిలో ఒక్కసారీ నోరు జారలేదు. మా అమ్మకు తెలియదు, వాళ్లమ్మకు తెలియదు. ఆ పేరు తెలిసినవాళ్లం ఇద్దరమే. నేను ఎవరికీ చెప్పలేదు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

వాడు వేరే మాట చెప్పాడు.

"పత్రిక పట్టుకొని నా ముందు నిలబడిందిరా. చెట్టు దొంగిలించినందుకు ఒక్క మాట అనలేదు. ఈ పిచ్చుక ఎవరని అడిగింది. చెప్పేదాకా వదల్లేదు. చెప్పాను. 'సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్తాను. ఈ రోజు ఆవిడ పోయిన రోజు కదా, ఇవాళే చెప్పాలి' అంది."

బూరలక్క రావలసిన చోటికి వాడు వచ్చాడు. నేను తువ్వాలు ఇచ్చాను.

అమ్మాయి వెన్న చెట్టు దగ్గర నేల మీద కూర్చుండిపోయింది. ఆమెను వదిలెయ్యమని నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆమె వెంట జీపులో వచ్చిన ఆడ కానిస్టేబుల్‌కు ఇన్‌స్పెక్టర్ కళ్లతోనే సైగ చేశాడు. జేబులోంచి సంతకం లేని నా వాంగ్మూలం తీసి రెండుగా చించాడు. బల్ల మీద చీటీల కట్ట పక్కకు జరిపి, కొత్త కాగితం పరిచి, పెన్ను మూత తీశాడు.

"చెప్పండి."

చెప్పాను. అయిదూ యాభైకి వచ్చాడు. చేతిలో ఫోన్ లేదు. ఫోటో కింద కూర్చున్నాడు. కన్ను తుడుచుకున్నాడు.

"ఏ కన్ను?"

స్కేలుగాడు తలెత్తాడు. సరిలేని ఆ రెండు కనుపాపలతో నా నోటి వంకే చూస్తున్నాడు.

ఎడమ కన్ను అని ఒక్క అబద్ధం చాలు. పసరుకు కారింది, కేసు బిగుస్తుంది. మొన్న నా ఇంట్లో ఆమె కోసం నేను కాక ఎవరూ ఏడవనట్టే. ఆ ఒక్క మాటతో నా భార్య నాకే మిగులుతుంది.

"ఏ కన్ను గురువుగారూ?" ఈసారి ఆ పిలుపులో వెటకారం లేదు. "మీరు చెప్పిందే రాస్తాను."

"రెండూ," అన్నాను. "రెండు కళ్లూ కారాయి. అలాగే రాసుకో."